మూడు చీలికల రేణువు

మా ఇంటి పెద్ద సిస్టరుగారికి,

నీ మొగుడు రాయునది. ఇక్కడ నేను క్షేమం. నీ మొక్కలు నాకంటే క్షేమం. వంటింటి కుళాయి కారడం మానేసింది కాబట్టి అదీ క్షేమమే. అక్కడ కొత్త ఆసుపత్రిలో నువ్వూ, నీ దగ్గర పని నేర్చుకుంటున్న ఆ ఇరవైమంది నర్సు పిల్లలూ కులాసాగా ఉన్నారనీ, నీ మోకాలు నీ మాట వింటోందనీ తలుస్తాను.

ఆదివారం మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర కూర్చుని రాస్తున్నాను. పక్కన బట్టల మిషను తిరుగుతోంది. అది ఆగేలోగా ఉత్తరం ముగించాలని మొదలుపెట్టాను గానీ, ఇది పొడుగయ్యేలాగే ఉంది. ఫోనులో నేను ‘ఊ’, ‘ఆ’ తప్ప పలకననీ, కాగితం మీదైతేనే మనిషిలా మాట్లాడతాననీ, నువ్వక్కడుండే నాలుగు నెలలూ ఉత్తరాలే రాయాలనీ శాసనం చేసింది నువ్వే. కాబట్టి ఓపిగ్గా చదువు.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. వేళకు తింటున్నాను. నీలం దుప్పటి ఉతికాను, రంగు దిగలేదు. కింది అంతస్తు ముసలాయన ఇంకా మెట్ల మీదే పేపరు చదువుతూ దారికి అడ్డంగా కూర్చుంటున్నాడు, నువ్వు లేవని బెంగ పెట్టుకున్నాడు కూడాను. “మీ ఆవిడ ఉంటే బీపీ చూసేది, మీరుండి ఏం లాభం?” అన్నాడు. నిజమే కదా అన్నాను.

నీ కాకర తీగ పిట్టగోడ దాటి పైవాళ్ల బాల్కనీ అందుకునే ప్రయత్నంలో ఉంది. ఐదో అంతస్తుకి తేనెటీగలు రావడం లేదు, పొద్దున్నే నేనే పువ్వుకి పువ్వు అంటించాలని చెప్పి వెళ్లావు. అలాగే చేస్తున్నాను. మొదటి వారం మగపువ్వేదో ఆడపువ్వేదో తెలియక మగపువ్వుల మీద మగపువ్వుల పుప్పొడే పూశాను. తర్వాత నువ్వు చెప్పింది గుర్తొచ్చింది. మగది సన్న కాడ మీద ఊరికే నిలబడి ఉంటుంది. ఆడదాని వెనకాల పుట్టీపుట్టని బుల్లి కాయ ఉంటుంది. పెళ్లయిన ఇరవై ఎనిమిదేళ్లకి నన్ను పెళ్లిళ్ల పేరయ్యను చేశావు. ఇప్పటికి పదకొండు సంబంధాలు కుదిర్చాను, తొమ్మిది కాయలు నిలిచాయి.

ఇక రెండో ప్రశ్న. “ఒక్క దుమ్ము రేణువు దొరికిందని మీ డాక్టరమ్మ అంత సంబరపడుతోందేమిటండీ? మా పిల్లలు అడిగితే ఏం చెప్పను?” అన్నావు. ముందుగా ఆవిడ రోగుల డాక్టరు కాదనీ, రాళ్ల డాక్టరనీ వాళ్లకి చెప్పు. లేకపోతే ఎవరైనా మందు రాయించుకోవడానికి వస్తారు. తర్వాత ఇది చెప్పు.

ఒకప్పుడు ఈ భూమ్మీద పువ్వన్నదే లేదు. అడవులున్నాయి, కొండల్లాంటి జంతువులున్నాయి, చెరువు గట్లున్నాయి, పువ్వు మాత్రం లేదు. ఎటు చూసినా ఆకుపచ్చ, లేదంటే మట్టిరంగు. అప్పటి చెట్లు పుప్పొడిని ఎక్కువగా గాలికి వదిలేసేవి. గాలి కూలి అడగదు గానీ దానికి కళ్లు లేవు. శుభలేఖలన్నీ మేడ మీద నుంచి ఎగరేసి, చుట్టాలకి అందితే అందాయి లేకపోతే లేదు అనుకున్నట్టు ఉండేది వ్యవహారం. ఒక్కటి చేరాలంటే కోటి వదలాలి.

ఆ పుప్పొడి తినిపోదామని పురుగులు వచ్చాయి. కడుపునిండా తిని, ఒళ్లంతా పూసుకుని, వెళ్లి ఇంకో చెట్టు మీద వాలాయి. తిన్నవాటి వల్ల నష్టం కొంచెం, మోసుకెళ్లినదాని వల్ల లాభం బోలెడు. పురుగుల్ని పిలవగలిగిన మొక్కకి పిల్లలు ఎక్కువ, ఆ పిల్లల్లో ఇంకాస్త బాగా పిలిచేదానికి ఇంకా ఎక్కువ. ఇలా ఎవరూ కూర్చుని ఆలోచించకుండానే లక్షల ఏళ్లలో రేకులొచ్చాయి, రంగులొచ్చాయి, వాసన వచ్చింది, తేనె వచ్చింది. ఎవరికి తగిన వేషం వాళ్ల కోసం. సాయంత్రం తెల్లగా విచ్చుకునే పువ్వు చీకట్లో తిరిగే రెక్కల పురుగుల కోసం. ఎర్రగా గొట్టంలా వేలాడేది పొడుగు ముక్కు పిట్టల కోసం. కుళ్లిన మాంసం కంపు కొట్టేది ఈగల కోసం. ఇంకో రకం గడుసుదనం ఉంది, వింటే నవ్వుతావు. కొన్ని పువ్వులు అచ్చం ఆడ కందిరీగలా వేషం కట్టి, ఆ వాసన కూడా పులుముకుని, మగ కందిరీగని రప్పించి, పని చేయించుకుని, చుక్క తేనె కూడా ఇవ్వకుండా పంపేస్తాయి. అది పోయి మళ్లీ ఇంకో పువ్వు దగ్గర మోసపోతుందట. “మగబుద్ధి అంతే” అంటావని తెలుసు. అనుకో, ఇంట్లో లేవు కాబట్టి ఎదురు చెప్పలేను.

మరి ఇదంతా రాయిలో ఎలా తెలుస్తుందంటే, పువ్వు రాలిపోయినా పుప్పొడి పైతోలు రాలిపోదు. ఎముకలు కరిగిపోయే చోట కూడా అది నిలుస్తుంది. బురదలో పడి, బురద రాయై, కోట్ల ఏళ్లు పోయినా రేణువు ఆకారం చెక్కుచెదరదు. నా పని నీకు తెలిసిందే. రాయిని పొడిచేసి, ఆమ్లంలో వేసి, రాయంతా కరిగాక మిగిలిన మడ్డిని జల్లించి, గాజుపలక మీద ఒక చుక్క పరచడం. దాన్ని మేం స్లైడు అంటాం. నన్ను అక్కడ అందరూ మేస్త్రీ అంటారు. ఆ చుక్కని డాక్టరమ్మ భూతద్దాల మిషను కింద పెట్టి చూస్తుంది. నున్నగా తేలిగ్గా ఉంటే అది గాలి మోసిన రేణువు అయ్యుండొచ్చు. ముళ్లో వలలాంటి గీతలో ఉండి జిగురుగా ఉంటే పురుగు మోసినదయ్యుండొచ్చు. ఇంకో గుర్తు కూడా ఉంది. మొలక గొట్టం బయటికి రావడానికి రేణువుకి చీలిక ఉంటుంది. పాతకాలపు మొక్కలకి ఒకటే చీలిక. ఇవాళ మనం చూసే పూలమొక్కల్లో ఎక్కువ భాగానికి మూడు. ఆ మూడు చీలికల రేణువు రాళ్లలో మొదట కనిపించేది పన్నెండు కోట్ల ఏళ్ల పైచిలుకు నాడు. అంతకంటే కిందిపొరల్లో ఎవరికీ నికరంగా దొరకలేదు. కిందిపొరంటే ఇంకా పాత రాయి కాబట్టి, అక్కడ ఒక్కటి దొరికినా పువ్వు పుట్టిన కాలం వెనక్కి జరుగుతుందని, డాక్టరమ్మ ఇరవై ఏళ్లుగా ఆ కిందిపొరల్లోనే వెతుకుతోంది.

రెండు వారాల కిందట శుక్రవారం, పదిహేను కోట్ల ఏళ్ల నాటి రాయిలోంచి నేను చేసిన స్లైడులో, మూడు చీలికల రేణువొకటి కనిపించింది. ఒక్కటే. ఆవిడ కుర్చీలోంచి లేచి, మళ్లీ కూర్చుని, “మేస్త్రీగారూ, ఒకసారి మీరు చూడండి, నా కళ్లు నన్ను మోసం చేస్తున్నాయేమో” అంది. చూశాను. మూడు చీలికలు. పైన వల అల్లినట్టు సన్న గీతలు. ఆ పూటే ఆవిడ వ్యాసం రాయడం మొదలుపెట్టింది. “పైన నా పేరు, దాని కింద మీ పేరు” అంది. ఇరవై ఆరేళ్ల సర్వీసులో నా పేరు జీతం చిట్టా మీద తప్ప ఎక్కడా పడింది లేదు. నీకు ఉత్తరం రాశాను, నువ్వు ఆసుపత్రంతా చాటింపు వేశావు.

ఇప్పుడు మూడో ప్రశ్న. “పేరు అచ్చులో ఎప్పుడొస్తుంది? మేట్రన్ కూడా అడుగుతోంది” అన్నావు.

రాదు.

ఇక్కడ కాస్త ఆగి మంచినీళ్లు తాగు. నేనూ తాగి, బట్టల మిషను ఆగితే బట్టలు ఆరేసి వచ్చాను. అసలు ఆరేయడం పావుగంట పని. ముప్పావుగంట చేశాను.

మా గదికి కిటికీ లేదని నీకు తెలుసు. గాలి వడకట్టి వస్తుంది. పువ్వు, పూలకుండీ, అత్తరు ఏదీ లోపలికి రాకూడదు. ఇంట్లో మొక్కలు ముట్టుకున్నవాళ్లు స్నానం చేసి, బట్టలు మార్చుకుని రావాలి. గోడ మీద ఆ నియమాలు రాసి అతికించింది ఎవరనుకున్నావు? నేనే. “ఇంత చాదస్తమా” అని నువ్వు నవ్వితే, ఒక్క రేణువు చాలు కొంప ముంచడానికి అని నీకు పాఠం చెప్పిందీ నేనే.

నువ్వు వెళ్లిన మొదటి నెల అంతా పద్ధతి ప్రకారమే చేశాను. పాత చొక్కాతో కాకర పని, తర్వాత స్నానం. రెండో నెలలో బద్ధకం వచ్చింది. స్నానం చేసి, ఆఫీసు చొక్కా తొడుక్కుని, కాఫీ చేత్తో పట్టుకుని, పోతూపోతూ పువ్వుకి పువ్వు అంటించి పోవడం అలవాటైంది. పుప్పొడి చొక్కా చేతి అంచుకి అంటుకునేది. నా తెల్లకోటు ఉతికి ఉతికి కురచైపోయింది, చొక్కా అంచు రెండు వేళ్ల మేర బయటికి వస్తుంది. ఆ సంగతి నాకు పట్టలేదు. పువ్వు తన పని తాను చేసుకుంది. మోసేవాడు దొరికాడు, ఎక్కి కూర్చుంది. తేనెటీగకైనా తేనె దొరుకుతుంది, నాకు అదీ లేదు.

ఇంతవరకూ పొరపాటు. దీనికి క్షమాపణ చెప్పుకోవచ్చు. అసలు సంగతి ఇక ముందుంది.

మా బల్ల మీద జిగురు పూసిన గాజుపలక ఒకటి ఎప్పుడూ తెరిచి ఉంటుంది. కాపలా పలక అంటాం. గదిలో ఏదైనా బయటి రేణువు తేలుతుంటే దానికి అంటుకుని దొరికిపోతుంది. సోమవారం సోమవారం దాన్ని చూసి, ఏముందో పుస్తకంలో రాయడం నా పని. ఇరవై ఆరేళ్లుగా ‘ఏమీ లేదు’ అనే రాస్తున్నాను, నిజంగానే ఏమీ ఉండేది కాదు. డాక్టరమ్మకి రేణువు దొరికిన శుక్రవారం తర్వాత వచ్చిన సోమవారం చూస్తే, పలక మీద ఒకటి ఉంది. మూడు చీలికలు. పైన వల. అప్పుడు నా చొక్కా అంచు చూసుకున్నాను. పచ్చగా ఉంది.

పక్కగదిలో డాక్టరమ్మ ఎవరికో ఫోనులో చెబుతూ నవ్వుతోంది. ఆవిడ అంతలా నవ్వడం నేనెప్పుడూ వినలేదు. గుడ్డ తీసుకుని పలక తుడిచేశాను. పుస్తకంలో ‘ఏమీ లేదు’ అని రాశాను. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, ఇదే బల్ల దగ్గర కూర్చుని, నీకు ఉత్తరం రాశాను. ‘నీ మొగుడి పేరు రెండోది’ అని పెద్ద అక్షరాలతో రాసి, కింద గీత కూడా గీశాను. ఆ గీత గీసేటప్పటికి నాకు అంతా తెలుసు. తెలిసే రాశాను.

నిన్ను నేనెప్పుడూ మోసం చేయలేదు, ఈ ఒక్కసారి చేశాను. సిగ్గుగా ఉంది.

నీ జవాబు పోయిన సోమవారం వచ్చింది. “ఇన్నేళ్లు మీ చాదస్తాన్ని తిట్టిన తిట్లన్నీ వెనక్కి తీసుకుంటున్నానండీ” అని రాశావు.  అదే రోజు సాయంత్రం డాక్టరమ్మ వ్యాసం కాగితాలు తెచ్చి నా ముందు పెట్టింది. “ఇదిగో, ఈ వాక్యం చదివి పక్కన సంతకం పెట్టండి” అంది. ‘ఈ స్లైడులు తయారుచేసినవారి గదిలో ఇరవై ఆరేళ్లుగా కాపలా పలక మీద ఒక్క బయటి రేణువు కూడా పడలేదు’ అని ఉంది. ఆవిడ రుజువల్లా అదే. ఇంకో పరీక్ష ఉంది, నీలం దీపం కింద పెడితే కొత్త రేణువు ధగధగా వెలుగుతుంది, రాతిలో మగ్గిన రేణువు మసగ్గా ఉంటుంది. ఆ దీపం వెనక భవనంలో ఉంది. “మీ స్లైడుకి ఆ పరీక్ష ఎందుకులెండి” అంది ఆవిడ. కళ్లజోడు మర్చిపోయానని అబద్ధం చెప్పి, సంతకం పెట్టకుండా వచ్చేశాను. ఆ అబద్ధం కూడా లెక్కలో వేసుకో.

మంగళవారం పొద్దున్నే ఒక మగపువ్వు కోసి, అగ్గిపెట్టెలో పెట్టుకుని, మా గదికి పోకుండా తిన్నగా ఆవిడ గదికి వెళ్లాను. 

“ఇదేమిటి మేస్త్రీగారూ?”

“మా ఇంటి కాకరపువ్వండి. దీని పుప్పొడి ఒకసారి చూడండి.”

ఆవిడ నా మొహం చూసింది. ఇంకేమీ అడగకుండా పువ్వు తీసుకుంది. పుప్పొడి దులిపి మిషను కింద పెట్టి చూసింది. తర్వాత స్లైడు తీసుకుని వెనక భవనానికి నడిచింది, వెనకాలే నేను. దీపం వేసింది. చుట్టూ ఉన్న రాతి రేణువులన్నీ కుంపట్లో బొగ్గుల్లా మసగ్గా ఉన్నాయి. అదొక్కటే పసుపుపచ్చగా వెలిగిపోతోంది. నిన్నగాక మొన్న పూసిన పువ్వు కదా మరి.

“కాపలా పలక మీద పడలేదా?” అంది.

“పడిందండి. తుడిచేశాను. ఏమీ లేదని రాశాను.”

కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. అరుస్తుందనుకున్నాను, అరిస్తే బాగుండేది. “మీరు వెళ్లండి” అంది, అంతే. ఇరవై ఏళ్లుగా ఆవిడ దేనికోసం వెతుకుతోందో నాకంటే ఎవరికి తెలుసు? వెళ్లి నా బల్ల దగ్గర కూర్చున్నాను. పుస్తకం తెరిచి, ఆ సోమవారం ఎదుట ‘ఏమీ లేదు’ కొట్టేసి, ‘ఒక రేణువు. కాకర. నా చొక్కా నుంచి. తుడిచేశాను’ అని రాసి, తేదీ వేసి సంతకం పెట్టాను.

బుధవారం నా బల్ల మీదికి రాయి రాలేదు. గురువారమూ రాలేదు. ఇన్నేళ్లలో అలా ఖాళీగా కూర్చున్నది లేదు. ఉన్న సీసాలే మళ్లీ మళ్లీ కడిగాను. ఇంకో చోటుకి బదిలీ చేస్తారనుకున్నాను, చేసినా న్యాయమే అనుకున్నాను.

శుక్రవారం పది గంటలకి ఆవిడ వచ్చింది. చేతిలో గుడ్డలో చుట్టిన రాయి. బొటనవేలంత ఉంది.

“ఆ పొర రాయి ఇంతే మిగిలింది. ఇది అయిపోతే మళ్లీ అంత లోతు తవ్వి తీసేవాళ్లు లేరు” అంది.

“నా చేతికి వద్దండి. ఇంకెవరికైనా ఇవ్వండి” అన్నాను.

“చేతులకేం, ఎన్నైనా దొరుకుతాయి మేస్త్రీగారూ. తప్పు జరిగితే చెప్పే నోరే దొరకదు. మీకు వారం ఆలస్యంగా దొరికింది, అదే నాకు కోపం.” రాయి నా బల్ల మీద పెట్టింది. “ఆ రేణువు రంగు పాలిపోయి ఉందని నాకూ కనపడింది తెలుసా. ఆమ్లం వల్లేలే అని సర్దిచెప్పుకున్నాను. దీపం దాకా నడవడానికి బద్ధకం కాదు, భయం. మీ నోరు మీరు మూసుకున్నారు, నా కళ్లు నేను మూసుకున్నాను.” తర్వాత ఉన్నట్టుండి నవ్వింది. “పదిహేను కోట్ల ఏళ్ల కిందట కాకరకాయ! ఇది పంపి ఉంటే లోకం ఇంకో పదిహేను కోట్ల ఏళ్లు నవ్వేది” అంది. నాకూ నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి. ఆవిడ చూడనట్టు గోడ మీద నియమాల కాగితం చదువుతూ నిలబడింది. చదివి, చివర ఇంకొకటి తనే చేర్చింది: కాపలా పలక ఇకమీదట ఇద్దరు చూడాలి, ఇద్దరూ సంతకం పెట్టాలి. వ్యాసం మటుకు చించేసింది.

కాబట్టి నీ పిల్లలకి చెప్పు. మేట్రన్‌కి కూడా చెప్పు. ఏదో సర్దిచెప్పి నా పరువు కాపాడొద్దు, ఉన్నదున్నట్టు చెప్పు. నవ్వితే నవ్వనీ. నీకు తలవంపులు తెచ్చాను, అందుకు మాత్రం నన్ను నాలుగు తిట్టి జవాబు రాయి. నువ్వు తిట్టే తిట్లు నాకు కొత్త కాదు, నువ్వు మౌనంగా ఉంటేనే భరించలేను.

కాకరని నిందించొద్దు, నేను మానేస్తానని దిగులూ పడొద్దు. పాత చొక్కాతో పని, తర్వాత తలస్నానం, ఆఫీసులో వేరే చొక్కా. కోటు కూడా కొత్తది కుట్టించారు, మణికట్టు దాటి వస్తోంది. నిజం చెప్పనా, శుక్రవారం నుంచి హాయిగా నిద్రపడుతోంది. పొద్దున్న బాల్కనీలో నిలబడితే ఆ పువ్వుల్ని చూసి కోపం కూడా రావడం లేదు. కోట్ల ఏళ్లుగా ఎవరో ఒకరి చేత మోయించుకుంటూ ఇంతదూరం వచ్చాయి, మధ్యలో నేనొకణ్ని.

రేపు సోమవారం ఆ రాయి మొదలుపెడతాను. కరగడానికి మూడు రోజులు, జల్లించడానికి రెండు. అందులో మూడు చీలికల రేణువు ఉండొచ్చు, చాలామటుకు ఉండకపోవచ్చు. ఉంటే ఉందని రాస్తాను. లేకపోతే ‘ఏమీ లేదు’ అని రాస్తాను. నీకూ అలాగే రాస్తాను.

ఇట్లు,
నీ తిట్ల కోసం ఎదురుచూస్తున్న
నీ ఇంటాయన